టాబ్లెట్‌ను తుడిచే పద్ధతి తెలుగులో ఎవరు చెబుతారు?

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారములు.

మా ఇంట్లో నాలుగేళ్లుగా వాడుతున్న టాబ్లెట్ పోయిన నెలలో మరమ్మతుకు వెళ్లింది. అది ఎవరి చేతిలోంచీ జారిపడలేదు. పూజగదిలో పటాలు తుడిచినంత శ్రద్ధగా నేను దాన్ని ప్రతి ఉదయం తుడిచేదాన్ని, ఆ తుడవడంతోనే అది పాడైంది. ప్రభుత్వ పాఠశాలలో ముప్పై ఏళ్లకు పైగా సామాన్యశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి కారణం తెలుసుకోకుండా ఉండలేకపోయాను. తెలుసుకున్న తరువాత, ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదనీ, పిల్లల చదువు కోసం అప్పో సప్పో చేసి టాబ్లెట్ కొన్న ప్రతి కుటుంబానికీ పనికివచ్చేదనీ అనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

ఆ టాబ్లెట్ మీద ఉదయం మా మనవరాలు పాఠాలు వింటుంది, మధ్యాహ్నం నేను పత్రికలు చదువుకుంటాను, రాత్రి భోజనాల వేళ మావారు ప్రవచనాలు పెట్టుకుంటారు. ఇన్ని చేతులు మారే వస్తువుకు జిడ్డు పట్టడం సహజం, ఆ జిడ్డు చూసి ఇల్లాలి చెయ్యి ఊరుకోకపోవడమూ సహజమే. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లోని ఒక చిన్న దుకాణంలో మరమ్మతు చేసే అబ్బాయి దాన్ని అందుకుని, తెర వెలిగించకుండానే తన సెల్‌ఫోన్ టార్చిని పక్క నుంచి ఏటవాలుగా పట్టి నన్ను చూడమన్నాడు. నల్లటి అద్దం మీద సాలెగూటి దారాల్లాంటి సన్నని గీతలు కనిపించాయి. అన్నీ గుండ్రంగా, నా చెయ్యి తిరిగిన దారిలోనే ఉన్నాయి. తెర మధ్యలో అరచేతి వెడల్పున వేలు జారడం లేదు, పట్టుకుంటోంది. కింది అంచున, అద్దానికీ లోపలి పొరకూ నడుమ, ఆరిపోయిన టీ మరకలాంటి ఒక మచ్చ ఉంది. ‘‘అమ్మా, లిక్విడ్ డైరెక్టుగా స్క్రీన్ మీదే కొడుతున్నారా?’’ అని అడిగాడు. అవును. అద్దాలు తుడవడానికి అమ్మే నీలిరంగు ద్రావణాన్ని తెర మీదే చిమ్మి, పాత నూలు తువ్వాలుతో రుద్దడం నాకు అలవాటు.

వేలు పట్టుకున్న చోటి సంగతి ముందు చెబుతాను. టాబ్లెట్ అద్దం మీద నూనెను అంటనివ్వని ఒక పూత ఉంటుంది. ఫ్లోరిన్ కలిసిన రసాయనంతో వేసే ఆ పూత మందాన్ని నానోమీటర్లలో కొలుస్తారు, అది మన తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. వేలిముద్రల జిడ్డు అద్దాన్ని పట్టుకోకుండా మెత్తని గుడ్డకు సులువుగా వచ్చేయడానికీ, వేలు నున్నగా జారడానికీ కారణం అదే. వాడకంలో అది కొంచెం కొంచెంగా అరిగిపోవడాన్ని ఎవరూ ఆపలేరు. కానీ అమోనియా ఉన్న ద్రావణాలు, గిన్నెలు తోమే పొడులు, వంటసోడా, గీతలు పోతాయని కొందరు రాసే టూత్‌పేస్టు ఆ అరుగుదలను త్వరపెడతాయి. టూత్‌పేస్టులో పళ్ల మీది పాచిని గీరడానికి కలిపిన సన్నని పొడి ఉంటుంది కాబట్టి, అది గీతను పూడ్చకపోగా గీత చుట్టూ మిగిలిన పూతను కూడా గీరేస్తుంది. పూత పోయిన అద్దానికి జిడ్డు త్వరగా పడుతుంది, జిడ్డు పడిందని మనం మరింత గట్టిగా రుద్దుతాం, అలా రుద్దినకొద్దీ ఉన్న పూత కూడా పోతుంది. రెండేళ్లపాటు నేను చేసింది సరిగ్గా ఇదే.

ఇక గీతల సంగతికి మన ఊరితో సంబంధం ఉంది. హైదరాబాద్ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు బండల మీద కట్టిన నగరం. గోల్కొండ కోట నిలిచింది ఆ రాతి మీదే, బంజారాహిల్స్‌లో పునాదుల కోసం పగలగొడుతున్నదీ ఆ రాతినే. గ్రానైటులో క్వార్ట్జ్ అనే ఖనిజం ఉంటుంది. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో దాని స్థానం 7, మామూలు గాజు 6కు లోపే ఉంటుంది. అంటే మన వీధి దుమ్ములోని ఇసుక రేణువు మన తెర కంటే గట్టిది. మా వీధిలో రెండు అపార్టుమెంట్లు లేస్తున్నాయి. పొద్దున తుడిచిన కిటికీ గట్టు మీద సాయంత్రానికి వేలితో పేరు రాయవచ్చు. అదే దుమ్ము టాబ్లెట్ మీద కంటికి కనపడకుండా కూర్చుని ఉండగా దాన్ని దులపకుండా తువ్వాలుతో రుద్దితే, ఆ తువ్వాలు గరుకు కాగితం చేసే పనే చేస్తుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. టాబ్లెట్ కొన్న రోజున దుకాణంలో టెంపర్డ్ గ్లాసు అంటిస్తూ, ‘‘ఇది 9హెచ్ మేడమ్, మేకుతో గీకినా గీత పడదు’’ అన్నారు. మేకు వరకు ఆ మాట నిజమే కావచ్చు. కానీ ఆ 9హెచ్ అన్నది పెన్సిళ్ల గట్టిదనంతో పోల్చి చెప్పే కొలత. మోస్ కొలమానంలో 9 అంటే కురువిందం అనే చాలా గట్టి ఖనిజం, అది వేరే లెక్క. ఈ తేడా తెలియక చాలామంది ఆ గ్లాసు ఉంటే తెరకు ఇక భయం లేదనుకుంటున్నారు. గ్లాసు వేయించుకోవడం మంచిదే, ఎందుకంటే పడినప్పుడు చాలాసార్లు దెబ్బ అదే తింటుంది, గీతలు పడితే తక్కువ ఖర్చుతో మార్చుకోవచ్చు. మా గ్లాసుకు ఏడాదికే మూల విరిగితే తీసేసి, మళ్లీ వేయించుకోకపోవడం నా పొరపాటు.

తుడిచే పద్ధతిని ఆ అబ్బాయి చూపించినట్టే ఇంట్లో ఇప్పుడు పాటిస్తున్నాం. మొదట చార్జరు తీసి, కవరు విప్పి, టాబ్లెట్‌ను పూర్తిగా ఆపేయాలి. తెర నల్లగా ఉంటే మరకలు బాగా కనిపిస్తాయి, తుడుస్తుండగా ఏదో ఒకటి నొక్కుకుపోయి ఎవరికో ఫోన్ వెళ్లే ప్రమాదమూ ఉండదు. ఆ తరువాత, తడి తగలకముందే, పొడిగా ఉన్న మెత్తని కుంచెతో దుమ్మును ఒక పక్కకు దులపాలి. అన్నింటిలోకీ ముఖ్యమైన ఈ పనినే మనం వదిలేస్తాం. అప్పుడు మైక్రోఫైబర్ గుడ్డతో, కళ్లజోళ్ల దుకాణంలో ఇచ్చే అలాంటి గుడ్డతోనే, నొక్కకుండా తిన్నగా తుడవాలి. సాధారణంగా ఇంతటితో జిడ్డు పోతుంది. పోకపోతే గుడ్డ మూలను కొద్దిగా తడిపి, పిండితే చుక్క రానంతగా పిండి తుడిచి, వెంటనే గుడ్డ పొడి వైపుతో తడి లేకుండా తుడవాలి. నీటిని గాని మరే ద్రవాన్ని గాని ఎప్పుడైనా గుడ్డ మీదే వేయాలి తప్ప తెర మీద వేయకూడదు. మా టాబ్లెట్ లోపల మచ్చ కట్టింది తెర మీద చిమ్మిన ద్రవం అంచు సందులోంచి దిగడం వల్లనే.

నీటి విషయంలోనూ జాగ్రత్త అవసరం. నగరంలో చాలా అపార్టుమెంట్లలో బోరు నీళ్లే వస్తాయి. ఆ నీళ్లు ఆరితే కుళాయిల మీద తెల్లటి పొర ఎలా కడుతుందో అందరికీ తెలుసు, తెర మీదా అలాగే చుక్కలు మిగులుతాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోయడానికి తెచ్చుకునే డిస్టిల్డ్ వాటర్ ఇందుకు సరిగ్గా సరిపోతుంది. ఒక్క సీసా ఏళ్ల తరబడి వస్తుంది. మైక్రోఫైబర్ గుడ్డను విడిగా ఉతకాలి. బట్టలకు వాసన కోసం, మెత్తదనం కోసం కలిపే ద్రావణాన్ని దానికి తగలనివ్వకూడదు. అది దారాల సందుల్లో పేరుకుంటే గుడ్డ జిడ్డును పీల్చదు, పైగా తానే తెరకు పూస్తుంది. కాగితపు నాప్‌కిన్లు ముఖానికి మెత్తగా అనిపించినా, చెక్క గుజ్జుతో చేసినవి కాబట్టి ఈ పూతకు గరుకే.

ఇంట్లో ఎవరికైనా జలుబో జ్వరమో వచ్చినప్పుడు అందరి చేతులూ పడే తెరను క్రిములు లేకుండా చేయాలనుకోవడం సబబే. యాపిల్ సంస్థ అంతకుముందు తన పరికరాలకు ఎలాంటి శుభ్రపరిచే ద్రావణాలూ వద్దంటూ వచ్చి, కరోనా వ్యాపిస్తున్న 2020 మార్చిలో ఆ మాటను సవరించి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి అమ్మే తుడుపు కాగితాలతో (వైప్స్) గట్టి ఉపరితలాలను మృదువుగా తుడవవచ్చని చెప్పింది. బ్లీచింగు ద్రావణం, హైడ్రోజన్ పెరాక్సైడ్ మాత్రం వద్దంటుంది. మిగిలిన కంపెనీల పద్ధతిని వాటి సూచనల పత్రంలో చూసుకోవాలి. చేతులకు రాసుకునే శానిటైజరు ఇందుకు పనికిరాదు. చర్మం ఎండిపోకుండా అందులో కలిపే గ్లిజరిన్ తెర మీద జిగురులా నిలిచి కొత్త దుమ్మును పట్టుకుంటుంది. ఆల్కహాల్ తుడుపు కాగితం కూడా అవసరమైనప్పుడు వాడవలసిందే తప్ప దినచర్య కాకూడదు, తోలు కవరుకు అసలే తగలకూడదు.

చార్జింగ్ రంధ్రం గురించి చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. మా టాబ్లెట్ కొన్నాళ్లుగా చార్జి సరిగా ఎక్కక, తీగను అటూ ఇటూ వంచితే తప్ప పనిచేసేది కాదు. ఆ అబ్బాయి టాబ్లెట్‌ను ఆపి, సన్నని ప్లాస్టిక్ పుల్లతో రంధ్రంలోంచి దీపపు వత్తి ముక్కంత నూలు ఉండను పైకి తీశాడు. అది ఎర్రగా ఉంది. అరచేతిలో పెట్టి నలిపి చూస్తే కుంకుమ. ప్రతి దసరాకూ ఆయుధపూజలో పుస్తకాల పక్కన టాబ్లెట్‌నూ నిలబెట్టి, అంచుల మీద పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టినదాన్ని నేనే. ఆ పొడి స్పీకరు జాలీలోకీ దిగి మాటను మందం చేసింది. చదువు చెప్పే పరికరాన్ని పూజించడంలో తప్పు లేదు, మానమని నేనెవరికీ చెప్పను. బొట్టును కవరు వెనక వైపు, రంధ్రాలకు దూరంగా పెడితే చాలు. సిలికాన్ కవరుకు పసుపు రంగు పట్టేస్తే ఎంత కడిగినా పూర్తిగా పోదని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఆ రంధ్రంలో మనం చేసే ఇంకో పని పిన్నీసు పెట్టి తిప్పడం. ఇప్పటి సి-టైపు అమరికలో ఉన్న 24 కాంటాక్టులు ఎంత దగ్గర దగ్గరగా ఉంటాయంటే, లోహపు మొన తగిలితే అవి వంగవచ్చు, రెండు కలిసి షార్టు కావచ్చు. ఆపేసిన టాబ్లెట్‌లో పొడి మెత్తని బ్రష్షుతో మృదువుగా దులిపితే చాలు, గట్టిపడిన ఉండ ఉంటే తెలిసినవారి చేత తీయించుకోవాలి.

వేడి గురించి చెప్పకపోతే ఈ లేఖ సగమే అవుతుంది. చాలా టాబ్లెట్లను 35 డిగ్రీల సెల్సియస్ లోపు వాతావరణంలో వాడాలని తయారీదారులే చెబుతారు. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే అంతకు మించిన వేడి ఉంటుంది, ఎండలో నిలిపిన కారు లోపల ఎంత ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. లోపలి లిథియం అయాన్ బ్యాటరీకి వేడి పడదు, నూరు శాతం చార్జితో రోజుల తరబడి ఉండడమూ పడదు, రెండూ కలిస్తే ఇంకా త్వరగా ముసలిదైపోతుంది. పిల్లలు పరుపు మీద, దిండు కింద చార్జింగు పెట్టి పాఠాలు వింటుంటే వేడి బయటికి పోయే దారే ఉండదు. మందపాటి కవరుంటే చార్జింగు వేళ తీసేయడం, ఎండ పడే కిటికీ పక్కన కాకుండా బల్ల మీద ఉంచడం, 80 శాతం దగ్గర చార్జి ఆపే ఏర్పాటు సెట్టింగుల్లో ఉంటే దాన్ని పెట్టుకోవడం ఖర్చు లేని పనులు. వేడెక్కిందని ఫ్రిజ్‌లో పెట్టేవారిని చూశాను. లోపల తేమ చేరి నీళ్లు కడతాయి కాబట్టి అది ఇంకా హాని.

పాతబడిన బ్యాటరీలో వాయువులు పుట్టి అది ఉబ్బవచ్చు. బల్ల మీద పెడితే టాబ్లెట్ సమంగా ఆనకుండా ఊగడం, తెర అంచు ఒక పక్క లేచి సందు కనపడడం, కవరు సరిగా మూతపడకపోవడం అందుకు గుర్తులు. అప్పుడు దాన్ని నొక్కి సరిచేయాలని చూడకూడదు. వెంటనే చార్జింగు మాని, ఆపి, కాలే వస్తువులకు దూరంగా ఉంచి, సర్వీసు కేంద్రంలో చూపించాలి. పనికిరానిదైతే పొద్దున వచ్చే చెత్త ఆటోలో పడేయకూడదు. నలిగిన బ్యాటరీకి నిప్పంటుకుంటే ప్రమాదం ఆ ఆటో నడిపే కార్మికులకు. టాబ్లెట్ వెనక గీత కొట్టిన చెత్తబుట్ట బొమ్మ ఉండేది ఇందుకే. 2022 నాటి ఇ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం ఇలాంటి పాత పరికరాలు నమోదైన రీసైక్లర్లకు చేరేలా చూడవలసిన బాధ్యత తయారీదారుల మీద ఉంది. ఎక్కడ ఇవ్వాలో అడిగే హక్కు మనకుంది.

నీళ్లలో తడిసిన టాబ్లెట్‌ను బియ్యం డబ్బాలో పెట్టే ఆచారం గురించి ఒక్క మాట. బియ్యం లోపలి తడిని లాగదు సరికదా, నూక, పిండి రంధ్రాల్లో ఇరుక్కుంటాయి. ఆపేసి, పైతడి తుడిచి, గాలి తగిలే చోట ఆరనివ్వాలి, పూర్తిగా ఆరిందని తేలేదాకా చార్జరు పెట్టకూడదు.

ఇంత రాసింది నాకు తోచిన కొన్ని కోరికలను మీ ద్వారా వినిపించడానికే. మా టాబ్లెట్ పెట్టెలో వచ్చిన సూచనల పత్రాన్ని మొన్న మళ్లీ తీసి చూశాను. ఆవగింజలంత అక్షరాలతో ఎన్నో భాషలు ఉన్నాయి, తెలుగు ఒక్క ముక్క లేదు. తెరను వేటితో తుడవకూడదో అందులో ఒక మూల ఇంగ్లిషులో ఉంది, భూతద్దం పెట్టుకుని చదివాను. తెర మీద తెలుగు అక్షరాలు చూపించగలిగే పరికరానికి, దాన్ని కాపాడుకునే పద్ధతిని తెలుగులో ఒక్క పేజీ ముద్రించి ఇవ్వడం ఏ కంపెనీకీ భారం కాదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గాని, కోఠి గుజరాతీ గల్లీలో గాని అమ్మకందార్లు గ్లాసు అంటించడానికి తీసుకునే ఆ పది నిమిషాల్లో, దుమ్ము దులిపాకే తుడవాలనీ, ద్రవం గుడ్డ మీదే వేయాలనీ రెండు మాటలు చెప్పి, చేసి చూపిస్తే కొన్నవారికి ఎంతో మేలు. విద్యార్థులకు టాబ్లెట్లు ఇచ్చే విద్యాసంస్థలు ప్రతి తరగతికీ నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక మెత్తని కుంచె ఇప్పించి, వారానికి ఒకసారి పిల్లల చేతనే తుడిపిస్తే వారికి అలవాటవుతుంది. మా మనవరాలికి ఒక్కసారి చూపిస్తే ఇప్పుడు నేను తువ్వాలు తీసేలోపే, ‘‘అమ్మమ్మా, ముందు కుంచె’’ అని గుర్తుచేస్తోంది.

మీ పత్రిక విద్యా పేజీలో ఈ జాగ్రత్తలను బొమ్మలతో, పెద్ద అక్షరాలతో ఒక అరపేజీగా వేయించవలసిందిగా కోరుతున్నాను. ఎండలు ముదరకముందే, ఫిబ్రవరి చివరిలోగా వస్తే బ్యాటరీల విషయంలో వెంటనే ఉపయోగపడుతుంది. దసరాకు వారం ముందు ఇంకొకసారి వేయించగలిగితే మరీ సంతోషం.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
రామ్‌నగర్, హైదరాబాద్.